తమ్ముడు పుట్టినంక పెద్దబిడ్డ గిచ్చుతున్నది, పక్క తడుపుతున్నది. ఏం చెయ్యాలె?

దేవరకొండ దగ్గర తల్లిగారింట్ల ఉన్నవు, బాబుకు 18 దినాలు, మూడేండ్ల పాప వాణ్ణి గిచ్చుతున్నది, మానేసిన పక్క తడుపుడు మళ్ల మొదలైంది, పాలు కావాలని ఏడుస్తున్నది అని రాసినవు చెల్లె. పాప చెడిపోలేదు. "అమ్మ ఇద్దరికీ ఉంటది" అని చెప్తే ఈ వయసుల తలకెక్కదు, దినాం కండ్లతోని చూస్తేనే నమ్ముతది.

ముందుగాల చుట్టాల పరాచికాలు బంద్ చేపియ్యి. "ఇగ మీ అమ్మ నిన్ను చూడదు", "తమ్ముణ్ణి మేం తీస్కపోతం" అనుడు పెద్దోళ్లకు నవ్వులాట, మూడేండ్ల పిల్లకు నిజం. అసొంటి మాటలు పడ్డ పూటనే గిచ్చుడు ఎక్కువైతది. వచ్చినోళ్లకు మీ అమ్మ గడప కాడనే చెప్పాలె.

ఎక్కువ అల్లరి పాలిచ్చేటప్పుడే ఉంటది. గింత బాబు రోజుకు 8 నుంచి 12 సార్లు తాగుతడు, ఒక్కోసారి అరగంట పడుతది. అన్నిసార్లూ పాపకు నీ ఒడి దొరకదు. చిన్న గంపల రెండు గిన్నెలు, గరిటె, బొమ్మల పుస్తకం, పాత చున్నీ పెట్టి పాలిచ్చేటప్పుడే తియ్యి, అయిపోంగనే దాచు. ఎప్పుడూ ముందటుంటే రెండ్రోజులకే మోజు పోతది. కూసునేముందే పాపకు నీళ్లు తాపి, ఉచ్చ పోపిచ్చుకొని రా.

పాలడిగితే కసురుకోకు. ఒక్కసారి నోరు పెట్టనిచ్చినా ఏం కాదు, చాలామంది ఎట్ల తాగాల్నో మర్చిపోయి ఊకుంటరు. ఇయ్యబుద్ధి కాకుంటే ఒళ్లె కూసోబెట్టుకొని గిలాసల పాలు తాపు. పక్క తడిపితే ఏమనకుండ బట్ట మార్చు. ఉచ్చ పోస్తుంటే మంటని ఏడ్చినా, జరమొచ్చినా అది అలక కాదు, డాక్టర్‌కు చూపియ్యాలె.

గిచ్చితే చెయ్యి పట్టి ఆపి, "తమ్మునికి నొస్తది, గిచ్చనియ్య" అను, అంతే. కొడితే ఆ కోపం కూడ బాబు మీదికే పోతది. ముట్టుకోవాలంటే పాదాలు చూపియ్యి, మాడ మీద చెయ్యి ఎయ్యనియ్యకు. చీర ఉయ్యాలను జోరుగ ఊపుతది, పట్టుకొని ఏలాడుతది. ప్రేమతోనే పల్లిగింజ తెచ్చి బాబు నోట్లె పెడుతది. స్నానానికి పోయేటప్పుడు గూడ ఇద్దర్నే అర్రల ఉంచి పోవద్దు.

కాన్పు ఆపరేషనైతే ఆరువారాలు పాపను ఎత్తుకోకు, కానీ "తమ్మునివల్ల" అనే మాట రానియ్యకు. గోడకు ఆనుకొని కూసుంటే తనే వచ్చి ఒరుగుతది. రోజుకొక్క పది నిమిషాలు బాబును అమ్మమ్మకిచ్చి, పాప ఇనేటట్టు బాబుతోనే అను: "జర ఆగు బిడ్డా, ఇది అక్క టైం." ఈ మాట చేసే పని బొమ్మలు చెయ్యవు.

అంగన్వాడీకి ముందునుంచే పోతుంటే ఆపకు. కొత్తగనైతే రెండు నెలలు ఆగు, లేకుంటే ఎల్లగొట్టిండ్రు అనుకుంటది.

21వ దినం చేస్తే పాపకు గూడ కొత్త గౌను తెప్పియ్యి. బాబుకు తెచ్చిన బట్టలు పాప చేతికియ్యమను, తనే తెచ్చి నీకిస్తది. తొట్టెల కాడ మేనత్త పేరు పిలిచినంక పాపతోని గూడ ఒకసారి పిలిపియ్యి.