స్ట్రావాలో (సైకిల్ రైడ్లు రికార్డు చేసి పంచుకునే యాప్‌లో) ఫ్రెండ్స్ పెట్టే ప్రతి రైడ్‌కీ కూడోస్ (లైక్ లాంటిది) ఇవ్వాలా? ఇవ్వకపోతే తప్పుగా అనుకుంటారా?

అక్కర్లేదు. చూసిన రైడ్‌కి ఇవ్వండి, చూడనిదానికి ఇవ్వకండి. మీరు అడిగినదానికి నా సమాధానం ఇంతే. కానీ ప్రశ్న కింద ఇంకో మాట కూడా రాశారు కదా, "మా గ్రూపులో ఒకాయన నా రైడ్లకి ఎప్పుడూ ఇవ్వడు, అందుకే నేనూ ఆయనకి మానేశాను" అని. అది చదివాక ఊరుకోలేకపోయాను.

నేను విశాఖపట్నంలో ఆరేళ్లుగా సైకిల్ తొక్కుతున్నాను. మా గ్రూపులో నలభై మంది దాకా ఉంటాం. ఆదివారం పొద్దున్న ఐదున్నరకి ఆర్‌కే బీచ్‌లో కలుసుకుంటాం. తెన్నేటి పార్కు, రుషికొండ, తొట్లకొండ, మంగమారిపేట మీదుగా భీమిలి వెళ్లి, అక్కడ ఇడ్లీలు తిని వెనక్కి వస్తాం. ఇంటికి చేరి స్నానం చేసేలోపే అందరి రైడ్లూ స్ట్రావాలో పడిపోతాయి. ఇంకో ఐదు నిమిషాలకి ఒక్కొక్కరికీ ముప్పై కూడోస్. కలిసి తొక్కినవాళ్లందరికీ ఫోన్ ఒకసారి ఊపి ఒకేసారి ఇచ్చే సదుపాయం కూడా ఉంది. దాన్ని నేను తప్పు పట్టను. పక్కనే ఉండి చూశాం, ఎదురుగాలిలో ఒకరి వెనకాల ఒకరం నక్కి తొక్కాం, ఎవరెంత కష్టపడ్డారో కాళ్లకి తెలుసు. అలాంటప్పుడు ఊపినా ఒకటే, నొక్కినా ఒకటే.

నా గొడవంతా మనిషి ఒంటరిగా తొక్కి వచ్చి పెట్టిన రైడ్ గురించి.

మూడేళ్ల క్రితం మార్చిలో నా మొదటి 200 బీఆర్‌ఎం. బీఆర్‌ఎం అంటే టైములోపల పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ రైడ్, రేసు కాదు. 200 కిలోమీటర్లకి పదమూడున్నర గంటల టైమ్ ఇస్తారు, దారిలో కంట్రోల్ పాయింట్ల దగ్గర బ్రేవెట్ కార్డు మీద ముద్ర వేయించుకుంటూ టైములోపల తిరిగి రావాలి. పొద్దున్న ఆరింటికి విశాఖలో బయల్దేరి, హైవే మీద చిలకపాలెం దాకా వెళ్లి వెనక్కి. వెళ్లేటప్పుడు హాయిగా వెళ్లిపోయాను. పదకొండు కాకముందే చిలకపాలెంలో ముద్ర పడింది. అసలు కథ వెనక్కి తిరిగాకే. మార్చి మధ్యాహ్నం ఆ రోడ్డు మీద విశాఖ వైపు తొక్కినవాళ్లకి చెప్పక్కర్లేదు, నైరుతి గాలి సరిగ్గా మొహం మీదికే వస్తుంది. గాలికి తోడు ఎండ. రణస్థలం దాటేసరికి కుడి మోకాలి చిప్ప ముందు భాగంలో పోటు మొదలైంది. పూసపాటిరేగ దగ్గర దిగి నిలబడ్డాను. భోగాపురం దగ్గర కొబ్బరిబొండాల బండి పక్కన కూర్చున్నాను. మళ్లీ ఎక్కాను. భోగాపురం దాటిన కాసేపటికి పెడల్ కిందికి నొక్కిన ప్రతిసారీ చిప్ప కింద సూది దిగినట్టయ్యేది. రోడ్డు పక్కన కల్వర్టు గోడ మీద కూర్చుని మీటర్ చూసుకున్నాను. 164 కిలోమీటర్లు. ఇంకా మూడు గంటల పైచిలుకు టైమ్ ఉంది. మిగిలింది 36 కిలోమీటర్లు. అవతల లారీలు పోతూనే ఉన్నాయి. జేబులోంచి బ్రేవెట్ కార్డు తీసి చూశాను, చెమటకి ఒక మూల మెత్తబడిపోయి ఉంది. నిర్వాహకులకి ఫోన్ చేసి మానేస్తున్నానని చెప్పాను. ఖాళీగా పోతున్న ట్రాలీ ఆటో ఒకటి ఆపి, సైకిల్ దాంట్లో పడుకోబెట్టి ఇంటికి వచ్చేశాను.

రికార్డింగ్ ఆ కల్వర్టు దగ్గరే ఆపాను. పొద్దున్న బయల్దేరేముందు ఉత్సాహంగా అనుకున్న టైటిల్ "మొదటి 200 బీఆర్‌ఎం". సేవ్ చేసేటప్పుడు మార్చే ఓపిక లేక అదే పెట్టేశాను.

రాత్రి ఎనిమిదింటికి చూస్తే 58 కూడోస్. "కంగ్రాట్స్ బ్రో." "సూపర్ అన్నా, 200 కొట్టేశావ్!" "నెక్స్ట్ 300 ఎప్పుడు?" టైటిల్ కిందనే పెద్ద అంకెల్లో 164.3 అని ఉంది. మ్యాప్‌లో గీత వెళ్లింది వెళ్లినట్టే ఉంది, తిరిగి ఇంటికి చేరలేదు. 58 మందిలో ఒక్కరూ అది చూడలేదు. ఒక్కొక్క కంగ్రాట్స్‌కీ కడుపులో దేవేసినట్టయింది. "లేదండీ, పూర్తి కాలేదు" అని ఎంతమందికని రాయను? రైడ్‌నే డిలీట్ చేసేద్దామని వేలు పెట్టాను కూడా.

అప్పుడు పడింది బాబాయ్ కామెంట్. బాబాయ్ అంటే మా బంధువు కాదు, పోర్టులో పనిచేసి రిటైరైన పెద్దాయన, గ్రూపులో అందరికీ బాబాయే. ఇప్పటికీ పాత హెర్క్యులస్ తొక్కుతాడు. ఆయన రాసింది ఇదీ: "గీత తగరపువలస దాకా రానేదు. ఏటైందిరా? మోకాలేనా?"

కూడోస్ ఇవ్వలేదు. ఆ మాట మాత్రం రాశాడు. అది చదివి నేను మంచం మీద కూర్చుని ఏడ్చాను. ఒక మనిషి నా రైడ్ తెరిచి, మ్యాప్ పెద్దది చేసి, ఎక్కడ ఆగిపోయానో చూసి, అంతకుముందు ఆదివారం భీమిలిలో నేను మోకాలు రుద్దుకోవడం గుర్తు తెచ్చుకున్నాడు. నా దృష్టిలో ఆ పూట నాకు దక్కిన మెచ్చుకోలు అదొక్కటే.

తర్వాతి శనివారం సాయంత్రం ఇంటికి రమ్మన్నాడు. వాళ్ల ప్రహరీ గోడ పట్టుకుని సైకిల్ మీద కూర్చోమన్నాడు. తాను నేల మీద గొంతుక్కూర్చుని, పెడల్ పూర్తిగా కిందికి ఉన్నప్పుడు నా మడమ దాని మీద పెట్టించాడు. మడమ పెట్టినప్పుడు కాలు నిటారుగా చాచుకోవాలి, నాది బాగా వంగి ఉంది. సీటు కిందికి ఉంటే తొక్కిన ప్రతిసారీ మోకాలి ముందు భాగం మీద భారం పడుతుందన్నాడు. అలెన్ కీతో బోల్టు వదులు చేసి, వేలున్నర పైకి లేపి, మళ్లీ దిగిపోతే తెలిసేలా సీటు రాడ్డు చుట్టూ నల్ల టేపు ముక్క చుట్టాడు. ఆ టేపు ఇప్పటికీ ఉంది. మరుసటి ఏడాది అదే దారిలో 200 పూర్తి చేశాను, ఇంకా గంటా పది నిమిషాలు మిగిలి ఉండగానే.

అందుకే అంటున్నాను, రైడ్ చూసి ఇవ్వండి. చూడటానికి అర నిమిషం పట్టదు. గీత ఎక్కడికి వెళ్లింది, ఎక్కడ ఆగింది. ఆగకుండా తొక్కిన టైముకీ మొత్తం టైముకీ తేడా ఎంత. ఎప్పుడూ బీచ్ రోడ్డు వదలని మనిషి సింహాచలం ఘాట్ ఎందుకు ఎక్కాడు. ఇవి చూస్తే రాయడానికి మాట దానంతటదే వస్తుంది. "సూపర్" అని రాసేకంటే "హనుమంతవాక నుంచి ఆ ఎక్కుడు ఆగకుండా ఎక్కావా?" అని అడిగితే ఆ మనిషికి వారమంతా ఒంట్లో బలం ఉంటుంది. నామీద ఒట్టు.

కూడోస్ అనేది గ్రీకు మాట. కీర్తి అని అర్థం. అది ఏకవచనమే, చివరి 'స్' బహువచనం కాదు. మావాళ్లు "ఒక కూడో పడెయ్యరా" అంటుంటే నాకు చెవిలో గుచ్చుకుంటుంది. కీర్తిని పడేయడమేమిటి? ఇంట్లో పెద్దవాళ్లు శభాష్ అంటే మనకి ఎందుకు అంత ఆనందం? వాళ్లు ఊరికే అనరు కాబట్టి.

ఇంకో రకం ఉన్నారు, మెచ్చుకుంటున్నామనుకుని పాఠం చెప్పేవాళ్లు. "బాగుంది, కానీ యావరేజ్ 25 దాటించాలి." "హార్ట్ రేట్ ఎక్కువుంది, జోన్ 2లో తొక్కు." అవతలి మనిషి అడిగాడా? మా గ్రూపులో ఒకావిడ రోజూ ఆఫీసుకి సైకిల్ మీద వెళ్తుంది, రానూపోనూ 12 కిలోమీటర్లు. ట్రాఫిక్‌లో, చీర కొంగు నడుముకి దోపుకుని, భుజాన లంచ్ బ్యాగుతో. ఆవిడ రైడ్ కింద ఒకతను "ఇది కూడా రైడేనా" అని నవ్వు బొమ్మ పెట్టాడు. వానాకాలం మద్దిలపాలెం జంక్షన్‌లో పొద్దున్న తొమ్మిదింటికి ఒక్కసారి తొక్కి రమ్మనండి అతన్ని. నా లెక్కలో ఆఫీసుకి వెళ్లే రైడ్‌కే ముందు కూడోస్ పడాలి. అది వారానికోసారి సరదాకి తొక్కింది కాదు, రోజూ బతుకులో భాగంగా తొక్కింది.

ఆడవాళ్ల రైడ్ల విషయంలో మగవాళ్లకి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. "రోజూ 5:10కి బయల్దేరతారన్నమాట", "మీ ఇల్లు ఫలానా వీధిలోనా" లాంటివి మీకు పలకరింపులా అనిపించవచ్చు. ఆవిడకి ఆ మాట చదవగానే గుండె ఝల్లుమంటుంది. మా గ్రూపులో ఒకమ్మాయికి ఇదే జరిగింది. ఆ సాయంత్రమే అకౌంట్ ప్రైవేట్ చేసేసుకుంది, రెండు నెలలు ఆదివారం రైడ్లకీ రాలేదు. మొదలూ చివరా కొంత దూరం మ్యాప్‌లో కనపడకుండా దాచుకునే సెట్టింగ్ ఉంది, అందరూ పెట్టుకోవాలి. కానీ ఎవరైనా పెట్టుకోకపోతే చూసీ చూడనట్టు ఊరుకోవడం మన మర్యాద. దారి గురించి మాట్లాడండి, గాలి గురించి మాట్లాడండి. ఇంటి గురించీ టైము గురించీ వద్దు.

కేఓఎంల (కింగ్ ఆఫ్ ది మౌంటెన్స్, అంటే కొండల రారాజు) గోల ఇంకోటి. టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ రేసులో 1933 నుంచి కొండలెక్కడంలో అందరికంటే మేటికి ఇస్తున్న బిరుదు పేరు అది. స్ట్రావాలో ఎక్కుడు చిన్నదైనా పెద్దదైనా, దాన్ని అందరికంటే వేగంగా ఎక్కిన ఒక రారాజు ఉంటాడు. మా కుర్రాడొకడు భీమిలి నుంచి సైకిల్ కారెక్కించి వస్తూ రికార్డింగ్ ఆపడం మర్చిపోయాడు. రుషికొండ ఎక్కుడులో గంటకి 58 కిలోమీటర్ల స్పీడ్, కొత్త రారాజు! దానికీ ఆరుగురు కూడోస్ ఇచ్చారు. పాత రికార్డు ఉన్న అబ్బాయికి మాత్రం నీ కిరీటం పోయిందని నోటిఫికేషన్ వెళ్లింది. ఇలాంటప్పుడు అందరి ముందూ కామెంట్లో నిలదీయడం పద్ధతి కాదు, ఫ్లాగ్ కొట్టడం (ఆ రైడ్ తప్పని స్ట్రావాకి ఫిర్యాదు చేయడం) అసలే ఆఖరి మాట. ఫోన్ చేసి "ఒరేయ్, కారులో వచ్చిన ముక్క కత్తిరించెయ్" అన్నాను. పాపం వాడు చూసుకోలేదు, సారీ చెప్పి వెంటనే తీసేశాడు. అంతటితో అయిపోయింది.

ఇక మీకు కూడోస్ ఇవ్వని ఆయన సంగతి. మూడేళ్లుగా బాబాయ్ నాకు ఇచ్చిన కూడోస్ వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆయనకి ఆ బొటనవేలు బొమ్మ నొక్కాలనే ధ్యాసే ఉండదు. అది పట్టుకుని నేనూ మానేసి ఉంటే ఏం పోగొట్టుకునేవాడినో నాకు తెలుసు. మీరు ఆయన్ని కోపంతో వదిలేసే ముందు ఆయన చివరి నాలుగు రైడ్లు తెరిచి చూడండి. మామూలుగా తొక్కే మనిషి నెలరోజులుగా తగ్గించేశాడేమో, ఒంట్లో బాలేదేమో, ఇంట్లో ఏదైనా టెన్షనేమో. కనపడితే అడగండి.

మొన్న శనివారం బాబాయ్ రైడ్ 11 కిలోమీటర్లు. తెన్నేటి పార్కు దాటాక జోడుగుళ్లపాలెం దగ్గర గీత ఒక చిన్న ముక్క సముద్రం వైపు లోపలికి వెళ్లి వచ్చింది. పడవలు ఒడ్డుకి చేరే టైమ్ అది. "చేపలు దొరికాయా బాబాయ్?" అని రాశాను. పది నిమిషాలకి జవాబిచ్చాడు: "కవళ్లే. వంజరం రేటు మండిపోతంది. మజ్జానం బోజనానికి వచ్చీ."