నల్లబడిన మానిటర్‌ను బాగు చేయించాలా, కొత్తది కొనాలా?

మీ ఏడేళ్ల నాటి 22 అంగుళాల మానిటర్ ఉన్నట్టుండి నల్లబడిపోయిందని, రిపేరుకు ఇవ్వాలో కొత్తది కొనాలో తేల్చుకోలేకపోతున్నామని రాశారు. ఏడేళ్లయిందన్న ఒక్క కారణంతో దాన్ని వదిలేయకండి. లోపల చెడిన భాగం ఏదో తెలిస్తే మీ ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే.

ముందు కంప్యూటర్ నుంచి వచ్చే కేబుల్ తీసేసి, మానిటర్‌ను మాత్రమే ఆన్ చేయండి. తెర మీద ‘నో సిగ్నల్’ అని కనిపిస్తే మానిటర్ బాగానే ఉన్నట్టు. లోపం కేబుల్లోనో కంప్యూటర్లోనో ఉంది. ఏమీ కనిపించకపోతే పవర్ లైటు చూడండి. అసలు వెలగకపోతే అనుమానం కరెంటు వైపే. బయట అడాప్టర్ ఉన్న మోడల్ అయితే, అదే వోల్టేజి, అదే పిన్ను ఉండి, ఆంపియర్లు తగ్గని మరో అడాప్టర్ పెట్టి చూడటం అన్నిటికంటే తేలిక. లైటు వెలుగుతూ తెర మాత్రం చీకటిగా ఉంటే, కేబుల్ మళ్లీ తగిలించి, గదిలో దీపాలు ఆర్పి, ఫోన్ టార్చి తెరకు దగ్గరగా ఏటవాలుగా వేయండి. బొమ్మ మసకగానైనా కనిపిస్తే ప్యానెల్, అంటే బొమ్మను చూపే తెర భాగం, పనిచేస్తోంది, దాని వెనక నుంచి వెలుగిచ్చే బ్యాక్‌లైట్ గానీ దానికి కరెంటు అందించే భాగం గానీ పోయిందన్నమాట.

నా మానిటర్ పూర్తిగా ఆగిపోయే ముందు కొన్ని వారాల పాటు ఉదయం పూట వెలగడానికి మొరాయించేది, ఒకసారి వేడెక్కితే సాయంత్రం దాకా నడిచేది. సికింద్రాబాద్‌లో ఒక మెకానిక్ నా ముందే వెనక మూత తీశారు. లోపలి భాగాలకు కరెంటు అందించే పవర్ బోర్డు మీద, విద్యుత్తును నిల్వ చేసుకునే స్థూపాల్లాంటి కెపాసిటర్లు వరుసగా ఉన్నాయి. వాటి తలలు చదునుగా ఉండాల్సింది, రెండింటివి మాత్రం పైకి ఉబ్బాయి, ఒకదాని తల మీది గాట్ల దగ్గర గోధుమరంగు మరక ఎండి అంటుకుని ఉంది. రెండూ 1000 మైక్రోఫారడ్, 25 వోల్టులవి. కోఠీ గుజరాతీ గల్లీలో అలాంటివి చిల్లర డబ్బులకు దొరుకుతాయి. వేడిని తట్టుకునే 105 డిగ్రీల రకం వేయమని నేనే అడిగాను. సామాను కంటే మెకానిక్ కూలీయే ఎక్కువైంది, అయినా కొత్త మానిటర్ ధరతో పోలిస్తే ఆ ఖర్చు లెక్కలోకి రాదు. ఆ మానిటర్ మీదే ఇప్పుడు ఈ జవాబు రాస్తున్నాను.

అయితే అలవాటు లేనివారు ఆ మూత తీయవద్దని గట్టిగా చెబుతున్నాను. మన ఇళ్లకు వచ్చే 230 వోల్టుల కరెంటు ఆ బోర్డు మీద దాదాపు 325 వోల్టుల డీసీగా మారుతుంది, ప్లగ్గు పీకిన తర్వాత కూడా పెద్ద కెపాసిటర్‌లో అది కొంతసేపు నిలిచి ఉండవచ్చు.

ప్యానెల్ పోతే మాత్రం కథ వేరు. తెర మీద నిలువు గీతలు పడినా, పగిలి సిరా ఒలికినట్టు మచ్చ పాకినా రిపేరు గురించి ఆలోచించకండి. మానిటర్ ఖరీదులో పెద్ద వాటా ప్యానెల్‌దే కాబట్టి, విడిగా కొని బిగించే కూలీ కలిపితే కొత్తదాని ధర దగ్గరికి వస్తుంది. మా అక్కయ్యగారింట్లో మానిటర్ కింద పడి తెర పగిలినప్పుడు, పాతదాని నుంచి తీసిన ప్యానెల్ వేస్తామని ఒక దుకాణంలో చెప్పారు. ఆ ప్యానెల్ ఎన్నేళ్లు వాడిందో, ఎన్నాళ్లు వస్తుందో ఎవరికీ తెలియదు గనుక నేను వద్దన్నాను, కొత్తదే కొన్నారు. పాతదాన్ని చెత్తబండిలో వేయకుండా అనుమతి ఉన్న ఈ-వ్యర్థాల సేకరణ కేంద్రానికి ఇచ్చారు.

బ్యాక్‌లైట్ ఎల్ఈడీ పట్టీలు మార్చాలంటే ప్యానెల్‌ను పొరలు పొరలుగా విడదీయాలి, ఆ పనిలో దుమ్ము చేరడమో తెర పగలడమో మామూలే. మీ 22 అంగుళాల దానికి అంత సాహసం అక్కర్లేదనే నా అభిప్రాయం.

లోపం పవర్ బోర్డులోనే అని తేలితే, ఏ భాగం మారుస్తున్నారో, ఎంత అవుతుందో ముందే అడగండి. ఆ మొత్తం కొత్త మానిటర్ ధరలో మూడో వంతు దాటితే నేనైతే ఒప్పుకోను. డబ్బు చెల్లించే ముందు మానిటర్‌ను కాసేపు నడిపించి, ఆపి, పూర్తిగా చల్లారాక మళ్లీ స్విచ్ వేయించి చూడండి. కెపాసిటర్ల బలహీనత చాలాసార్లు బయటపడేది అలా చల్లగా ఉన్నప్పుడే.