చర్చి వెబ్‌సైట్‌కి ఏ సీఎంఎస్ తీసుకోవాలి, ఎలా నేర్చుకోవాలి?

వందనాలు సిస్టర్. సంఘానికి వెబ్‌సైట్ చేయమని పాస్టరుగారు మీకు అప్పగించారని, మీకు కోడింగ్ రాదని, సీఎంఎస్ (కోడింగ్ లేకుండా సైటులో రాతలు, ఫోటోలు పెట్టుకునే సాఫ్ట్‌వేర్) అంటే వర్డ్‌ప్రెస్, జూమ్లా, ద్రూపల్, విక్స్ అని తలా ఒకటి చెబుతుంటే ఏది నేర్చుకోవాలో తెలియడం లేదని రాశారు. గుంటూరు జిల్లాలో మా సంఘం సైటు కొన్నేళ్ళుగా నేనే చూస్తున్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను, వర్డ్‌ప్రెస్ నేర్చుకోండి.

ఎందుకంటే ఈ పని ఎప్పటికీ మీరొక్కరే చేయలేరు. సంఘంలో కంప్యూటర్ పని తెలిసినవాళ్ళు ఎక్కువగా యూత్ వాళ్ళే. ఈ ఏడాది సైటు చూసే తమ్ముడికి వచ్చే ఏడాది బెంగళూరులో ఉద్యోగం వస్తుంది, చెల్లికి పెళ్ళయి వేరే ఊరు వెళ్తుంది. అప్పుడు పని అందుకునేవాళ్ళకి కాస్తయినా తెలిసినది ఉండాలి. 2003లో మొదలైన వర్డ్‌ప్రెస్ ఈ రోజు ప్రపంచంలో అందరికంటే ఎక్కువగా వాడే సీఎంఎస్. ఏ చిన్న ఊళ్ళో అడిగినా తెలిసినవాళ్ళు ఒకరు దొరుకుతారు, యూట్యూబ్‌లో తెలుగులో పాఠాలు కూడా ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ ఉచితం. అన్నిటికంటే ముఖ్యం, మీరు పెట్టిన రాతంతా ఎక్స్‌పోర్ట్ చేసి ఇంకో చోటికి తీసుకుపోవచ్చు. విక్స్ వాడటం తేలిక, చూడటానికీ అందంగా ఉంటుంది, కానీ అందులో కట్టిన సైటు విక్స్ దగ్గరే ఉండాలి. ద్రూపల్ పెద్ద సంస్థలకు బాగుంటుంది. దాని ఏడో వెర్షన్‌కి సపోర్ట్ 2025 జనవరి 5న ఆగిపోయింది. దాని మీద ఉన్నవాళ్ళు కొత్త వెర్షన్‌కి మారాలంటే సైటును దాదాపు మళ్ళీ కట్టుకోవాల్సి వచ్చింది. మన సంఘాలకు అంత శ్రమ పెట్టే మనుషులు ఎక్కడ దొరుకుతారు? జూమ్లా మంచిదే గానీ మన దగ్గర తెలిసినవాళ్ళు తక్కువ. ఆరాధన సమయాలు, అడ్రసు, రెండు ఫోటోలు చాలనుకుంటే మాత్రం ఏ సీఎంఎస్ అక్కర్లేదు, గూగుల్ సైట్స్ ఉచితంగా సరిపోతుంది. వారం వారం ప్రసంగాలు, కీర్తనలు, ప్రకటనలు పెట్టాలనుకుంటేనే వర్డ్‌ప్రెస్ దాకా రండి.

వర్డ్‌ప్రెస్ డాట్ కామ్, వర్డ్‌ప్రెస్ డాట్ ఆర్గ్ రెండూ ఒకటి కావు. మొదటిది ఒక కంపెనీ నడిపే సేవ. అందులో ఉచిత ప్లాన్ తీసుకుంటే వాళ్ళ ప్రకటనలు వస్తాయి, సొంత డొమైన్ (సైటు అడ్రసు పేరు) ఉండదు. రెండోదాని నుంచి సాఫ్ట్‌వేర్ తీసుకుని మనం కొన్న హోస్టింగ్‌లో (సైటు ఉంచడానికి అద్దెకు తీసుకునే సర్వర్ స్థలంలో) పెట్టుకుంటాం. నేను చెప్పేది ఈ రెండోది. హోస్టింగ్ కొనేటప్పుడు మొదటి ఏడాది ఆఫర్ ధర కాకుండా రెన్యువల్ ధర ఎంతో అడిగి, ఆ లెక్క కమిటీ ముందు పెట్టండి.

అసలు పని మొదలుపెట్టే ముందే డొమైన్ ఎవరి పేరు మీద ఉంటుందో తేల్చుకోండి. మా సంఘానికి మొదట ఉన్న సైటు డొమైన్‌ని ఒక బ్రదర్ ప్రేమతో తన సొంత ఈమెయిల్ మీద కొన్నారు. ఆయన విదేశాలకు వెళ్ళారు, ఆ ఈమెయిల్ వాడటం మానేశారు, రెన్యువల్ నోటీసులు అక్కడికే పోయాయి. ఒక ఆదివారం చూస్తే ఆ అడ్రసులో ఎవరిదో ప్రకటనల పేజీ ఉంది. అన్నేళ్ళ ప్రసంగాల ఆడియో, క్రిస్మస్ ఫోటోలు అన్నీ పోయాయి. అందుకే సంఘం పేరుతో ఒక ఈమెయిల్ తెరిచి డొమైన్, హోస్టింగ్, యూట్యూబ్ అన్నీ దాని మీదే పెట్టండి. పాస్‌వర్డ్ కాగితం మీద రాసి సెక్రటరీగారి దగ్గర, ట్రెజరర్‌గారి దగ్గర ఒక్కో కాపీ ఉంచండి. రికవరీ ఫోన్ నంబరు కూడా సంఘానిదే ఉంటే మేలు.

నేర్చుకోవడం గురించి టెన్షన్ పడకండి. వర్డ్‌ప్రెస్ ప్లేగ్రౌండ్ అని ఉంది, ఏమీ కొనకుండా, ఇన్‌స్టాల్ చేయకుండా బ్రౌజర్‌లోనే వర్డ్‌ప్రెస్ తెరుచుకుంటుంది. ఏం పాడైనా నష్టం లేదు, కొన్నాళ్ళు అందులో చేయి తిప్పండి. మొదట పోస్టుకీ పేజీకీ తేడా పట్టుకోండి. ఆరాధన సమయాలు, సంఘ చరిత్ర లాంటి ఎప్పుడూ ఉండేవి పేజీలు. వారం వారం వచ్చే ప్రసంగం, ప్రకటన పోస్టులు. ఆ తర్వాత కేటగిరీలు, మెనూ, ఫోటోలు చిన్నవి చేసి పెట్టడం, బ్యాకప్ నేర్చుకుంటే మీ అవసరం తొంభై పాళ్ళు తీరుతుంది. బ్యాకప్‌కి నేను అప్‌డ్రాఫ్ట్‌ప్లస్ అనే ప్లగిన్ (వర్డ్‌ప్రెస్‌కి అదనంగా తగిలించుకునే చిన్న సాఫ్ట్‌వేర్) వాడతాను, సంఘం గూగుల్ డ్రైవ్‌లోకి దానంతట అదే పంపిస్తుంది. థీమ్ (సైటు రూపు) వర్డ్‌ప్రెస్‌తో వచ్చేదే వాడండి. వేల రూపాయల థీమ్ ఉచితంగా ఇస్తామని ఎవరైనా జిప్ ఫైల్ ఇస్తే తీసుకోవద్దు. అలాంటి దొంగ కాపీల్లో వైరస్ కోడ్ పెడతారు, పైగా దేవుని పని కోసం దొంగ సరుకు వాడటం నాకు మనసొప్పదు.

మీతో పనిచేసేవాళ్ళందరికీ అడ్మిన్ (సైటు మీద పూర్తి అధికారం) ఇవ్వొద్దు. సెక్రటరీగారికి ఎడిటర్ (అందరి రాతలూ దిద్దగలరు), యూత్‌వాళ్ళకు ఆథర్ (తమ రాతలు మాత్రమే పెట్టగలరు) చాలు. అంతకంటే తక్కువ అధికారమున్న కంట్రిబ్యూటర్ ఇస్తే వాళ్ళు ఫోటోలు ఎక్కించలేరు, ప్రతిదానికీ మీకే ఫోన్ చేస్తారు.

ఇక మన తెలుగు సంఘాలకు అసలు కష్టం ఉన్న చోటికి వద్దాం. పాత కీర్తనలు, సంఘ పత్రికలు, జూబిలీ సంచికలు అన్నీ డీటీపీ షాపుల్లో పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో కొట్టించినవే ఉంటాయి. ఆ ఫాంట్లు ఇంగ్లీష్ అక్షరాల స్థానంలో తెలుగు అక్షరాల బొమ్మలు చూపిస్తాయి, అంతే. కాపీ చేసి వర్డ్‌ప్రెస్‌లో పెడితే పిచ్చి గుర్తులు వస్తాయి. యూనికోడ్‌లోకి (ఫోన్లలో, నెట్‌లో అన్నిచోట్లా చదవగలిగే తెలుగులోకి) మార్చే కన్వర్టర్లు నెట్‌లో ఉన్నాయి. అనులో వెర్షన్లు వేరు కాబట్టి ముందు మీ ఫైలు ఏ వెర్షన్‌దో చూసుకోండి. ఎంత మంచి కన్వర్టర్ అయినా వత్తులు, పొల్లులు, అంకెలు కొన్ని చోట్ల తప్పు పడతాయి. మా దగ్గర రిటైరైన తెలుగు టీచరుగారు ఒకరు, స్త్రీల సమాజం నుంచి ఇద్దరు అమ్మలు కూర్చున్నారు. ఒకరు పుస్తకం చూసి చరణం చదివితే ఇంకొకరు స్క్రీన్ మీద సరిచూశారు. ఆ అమ్మలకు కీర్తనలు కంఠతా వచ్చు, రాగంలో పాడుతూనే తప్పు ఎక్కడుందో పట్టుకునేవారు. పెద్దవాళ్ళను ఈ పనికి పిలవండి, వాళ్ళంత బాగా ఇంకెవరూ చేయలేరు.

కీర్తనలు పెట్టేముందు హక్కులు చూడండి. మన చట్టం ప్రకారం రచయిత చనిపోయిన తర్వాత 60 ఏళ్ళ దాకా కాపీరైట్ ఉంటుంది. మిషనరీల కాలం నాటి పాత కీర్తనలకు చాలావరకు ఇబ్బంది లేదు. ఈ మధ్య వచ్చిన పాటలకు రాసినవాళ్ళ అనుమతి తీసుకోండి.

కొత్తగా టైపు చేయాలంటే విండోస్ 10, 11లో తెలుగు ఫొనెటిక్ కీబోర్డు ఉంది, ఫోన్‌లో అయితే గూగుల్ వాళ్ళ కీబోర్డు జీబోర్డ్. ఫాంట్ కోసం వర్డ్‌ప్రెస్ 6.5 నుంచి ఫాంట్ లైబ్రరీ వచ్చింది, అందులోంచి నోటో సాన్స్ తెలుగు గానీ మండలి గానీ ఎక్కించుకోండి. లైన్ హైట్ కొంచెం పెంచండి. ఇంగ్లీష్‌కి సరిపోయే ఎడం మన గుడులకీ వత్తులకీ చాలదు, పై లైను వత్తు కింది లైను గుడికి తగులుతుంది. కళ్ళజోడు పెట్టుకుని ఫోన్‌లో చదివే పెద్దవాళ్ళకు అక్షరం సైజు కూడా పెంచితే మంచిది.

తెలుగులో హెడ్డింగ్ పెడితే పోస్టు లింకు కూడా తెలుగులోనే తయారవుతుంది. దాన్ని వాట్సాప్ గ్రూపులో పెట్టినప్పుడు శాతం గుర్తులతో బారెడు పొడవు వస్తుంది. ఒక్కో తెలుగు గుర్తు (అక్షరం, గుడి, పొల్లు లాంటివి ఒక్కోటీ) లింకులో తొమ్మిది అక్షరాలవుతుంది, వర్డ్‌ప్రెస్ పరిమితి 200, కాబట్టి ఇరవై రెండు గుర్తులు దాటితే లింకు మధ్యలోనే తెగుతుంది. ప్రతి పోస్టుకీ స్లగ్ (లింకు చివర వచ్చే పేరు) దగ్గర పొట్టిగా ఇంగ్లీష్ అక్షరాల్లో రాసుకోండి.

ప్రసంగాల కోసం ప్రత్యేకంగా చర్చి ప్లగిన్లు ఉన్నాయి. మొదట్లో వాటి జోలికి వెళ్ళొద్దు. ప్లగిన్ తయారుచేసినవాళ్ళు రేపు ఆపేస్తే మీ ప్రసంగాలన్నీ దాని పద్ధతిలోనే ఇరుక్కుంటాయి. వీడియో యూట్యూబ్‌లో పెట్టి ఆ లింకు పోస్టులో పేస్ట్ చేస్తే చాలు, వీడియో అక్కడే కనిపిస్తుంది. దాని కింద వాక్యభాగం, నాలుగు లైన్ల సారాంశం రాయండి. బైబిల్ పుస్తకాల పేర్లు కేటగిరీలుగా పెడితే, ఎప్పుడో విన్న రోమా పత్రిక ప్రసంగం కావాలన్నవాళ్ళకు వెంటనే దొరుకుతుంది.

కానుకల పేజీ విషయంలో జాగ్రత్త. సంఘం బ్యాంకు ఖాతా యూపీఐ క్యూఆర్ పెట్టుకోవచ్చు. విదేశీ కార్డులు తీసుకునే బటన్ మాత్రం ఆడిటర్‌ని అడగకుండా పెట్టొద్దు. అమెరికా పౌరసత్వం తీసుకున్న మన తెలుగువాళ్ళు పంపినా చట్టం దృష్టిలో అది విదేశీ విరాళమే. దానికి 2010 నాటి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ) చట్టం కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలోని ఖాతాలోకే రావాలి. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందకు రాదు.

సండే స్కూల్ పిల్లల ఫోటోలు తల్లిదండ్రుల అనుమతి లేకుండా పెట్టకండి. బాప్తిస్మం ఫోటోలు, ప్రార్థన మనవుల్లో ఉండే జబ్బుల వివరాలు సైటులోకి అసలు రానివ్వకండి. ఎవరింట్లో పరిస్థితి ఎలా ఉంటుందో మనకు తెలియదు, మన అత్యుత్సాహం వల్ల ఒక్కరికి కష్టం కలిగినా అది చాలా పెద్ద విషయం.

ఆరాధన సమయాలు, దారి చూపే మ్యాప్, పాస్టరుగారి ఫోన్, ఈ వారం ప్రసంగం, వీటితో మొదలుపెట్టండి. మీ సంఘం కీర్తనలు అను ఫైళ్ళలో ఉంటే ఏ వెర్షనో కింద రాయండి, మేము మార్చిన పద్ధతి వివరంగా చెబుతాను.