ఆఫీసులో 'జట్' అన్నాడంటే తాగినట్టేనా?

సందేహం: నెదర్లాండ్స్‌లో, ఐండ్‌హోవెన్‌లో ఉద్యోగం చేస్తున్నాను. మొన్న మీటింగులో మా డచ్ కొలీగ్ ఒకాయన చిరాగ్గా 'ఇక్ బెన్ హెట్ జట్' అన్నాడు. డిక్షనరీ చూస్తే 'జట్' అంటే తాగి ఉన్న అని ఉంది. పట్టపగలు ఆఫీసులో ఆ మాట చెప్పుకుంటారా? తెలుగులో దీన్ని ఏమనాలి?

సమాధానం: పాపం ఆయన తాగలేదండీ, విసిగిపోయాడు. కిటుకంతా మధ్యలో ఉన్న 'హెట్'లో ఉంది. 'ఇక్ బెన్ జట్' అంటే తాగి ఉన్నాను. 'హెట్' (అది) చేరిస్తే 'దీంతో విసుగెత్తిపోయింది, ఇక నావల్ల కాదు' అని.

జట్‌కు అసలు అర్థం కడుపు నిండిన, తనివి తీరిన అని. దాని జర్మన్ తోబుట్టువుకు ఇప్పటికీ అదే అర్థం, లాటిన్ 'సాటిస్' కూడా చుట్టమే, ఆఖరికి ఇంగ్లిష్ 'శాడ్' కూడా ఒకప్పుడు తనివి తీరిన అనే అర్థంలో ఉండి తర్వాత దిగుల్లోకి దిగింది. డచ్ వాళ్ల 1637 నాటి బైబిల్లో యోబు 'దినాలతో జట్' అయి చనిపోయాడని ఉంటుంది, అంటే తాగి పోయాడని కాదు, మన తెలుగు బైబిల్ 'కాలము నిండిన వృద్ధుడై' అన్నదే. నిండుదనం మద్యంతో వస్తే మత్తు, మితిమీరితే వెగటు. మనమూ అంతేగా, తాగినవాణ్ణి 'ఫుల్లుగా ఉన్నాడు' అంటాం, నాలుగు బొబ్బట్లు తిన్నాక 'మొహం మొత్తింది' అంటాం. కాకపోతే మనకు రెండు మాటలు, వాళ్లకు ఒక్కటే. మీ కొలీగ్ మాటకు తెలుగులో 'విసుగెత్తిపోయింది' సరిపోతుంది. రోజూ అదే మీటింగయితే 'మొహం మొత్తింది' ఇంకా బాగుంటుంది.

నామవాచకం తర్వాత వస్తే మళ్లీ వేరు. 'టైట్ జట్' అంటే బోలెడు టైముందని, అక్కడ మత్తూ లేదు విసుగూ లేదు.

ఒక్క జాగ్రత్త. ఎవరింట్లోనైనా భోజనానికి పిలిస్తే, అసలు అర్థం తెలిసింది కదా అని 'ఇక్ బెన్ జట్' అనకండి, 'ఇక్ జిట్ ఫోల్' అనండి, కడుపు నిండిందని అర్థమవుతుంది. తాగడం గురించి మామూలుగా చెప్పాలంటే 'డ్రోంకెన్' ఉంది, జట్ కొంచెం మోటు. బెల్జియంలోని ఫ్లాండర్స్ వైపు మాత్రం జట్టే వాడుక మాట. అన్నట్టు 'బెన్' లేకుండా ఉత్త 'ఇక్ జట్' అని వినిపిస్తే 'కూర్చున్నాను' అని, అది పూర్తిగా వేరే క్రియ.