సద్దులకు రాలేను, ఇంట్లో మాటల్లేవు

ప్రశ్న: మాది హన్మకొండ దగ్గర పల్లె. పదకొండేళ్లుగా లారీ నడుపుతున్నా. నిరుడు సద్దుల బతుకమ్మకు పక్కా వస్తానని చెప్పి రాలేకపోయా. ఈసారి పండగ ఐదో రోజు, అట్ల బతుకమ్మ నాడు పొద్దుగాల జమ్మికుంట నుంచి పత్తి బేళ్లతో కోయంబత్తూరు బయల్దేరాలి. ఈ సంగతి చెప్పినప్పటి నుంచి నా భార్య మాట్లాడటం లేదు. ఏడేళ్ల బిడ్డ "బాపూ, ఎప్పుడొస్తవ్" అని రోజూ అడుగుతోంది. రాత్రింబవళ్లు నడిపితే దసరాకన్నా అందుకుంటానేమో. ఏం చేయమంటారు?

జవాబు: డ్రైవర్‌తో కాపురం చేసే మనిషికి పండగ పూట మీరు లేకపోవడం కొత్తేమీ కాదు. నిరుడు "పక్కా" అన్న మాట నమ్మి ఆమె అందరికీ చెప్పుకుని ఉంటుంది, వాకిలి వైపు చూస్తూ కూర్చుని ఉంటుంది. గుచ్చుకున్నది అది. అందుకే ఈసారి "చూస్తా, ప్రయత్నిస్తా" అనకండి. ఆమెకు ఒక తేదీ చెప్పండి. ఆ లెక్క వేయగలిగింది మీరే.

వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు దారి. రోజుకు 350 చొప్పున నడిపినా కర్నూలు, బెంగళూరు, సేలం దాటి మిల్లు గేటు చేరేసరికి పండగ ఎనిమిదో రోజు, అంటే వెన్నముద్దల బతుకమ్మ, సప్తమి. అసలు చిక్కు అక్కడుంది. తమిళనాడులో నవమి నాడు ఆయుధపూజ. మిషన్లకు పూజ చేసి మిల్లులు మూసేస్తారు, మరునాడు విజయదశమికీ సెలవే. అష్టమి సాయంత్రంలోగా బేళ్లు దిగకపోతే ఏకాదశి దాకా గేటు బయటే ఉండాలి. ఆపైన రిటర్న్ లోడ్‌కు ఒక రోజు, తిరుగు దారికి మూడు రోజులు. అంటే పున్నమి. అన్నీ కలిసొచ్చి, రిటర్న్ లోడ్ కూడా వెంటనే దొరికితే దసరా రాత్రికో మరునాటికో ఇల్లు చేరొచ్చు గానీ ఆ మాట ఇంట్లో అనకండి. పున్నమి అనే చెప్పండి. ముందే వస్తే సంతోషిస్తారు.

బయల్దేరే ముందే ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు నుంచి మిల్లు స్టోర్ నంబర్ తీసుకోండి. అష్టమి నాడు హమాలీలు ఉంటారా, ఎన్ని గంటల వరకు దింపుతారు అని అడగండి. ఆగాల్సి వస్తే హాల్టింగ్, అంటే బండి నిలిచిన రోజుల డబ్బు, ఎవరిస్తారో ఓనర్‌తో అప్పుడే తేల్చుకోండి. ఈ-వే బిల్లు (సరుకుతో పాటు ఉండాల్సిన జీఎస్టీ పత్రం) గడువు తీరుతుందని ఎవరైనా తొందరపెడితే కంగారు పడొద్దు. 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున మీ దూరానికి ఆరు రోజులు వస్తుంది.

రాత్రింబవళ్లు నడపడం మాత్రం వద్దు. తెల్లవారుజామున రెండు నుంచి ఐదు దాకా ఒళ్లు నిద్ర కోరుతుంది, ఎంత అలవాటున్నా అంతే. టీ పని చేయడానికే ఇరవై నిమిషాలు పడుతుంది. కాబట్టి టీ తాగి ఆ ఇరవై నిమిషాలూ బంకులో కునుకు తీయండి, లేచాక ముఖం కడుక్కుని కాసేపు నడిచి స్టీరింగ్ పట్టుకోండి. రెప్పలు బరువెక్కి, దాటిన ఊరు గుర్తు రావట్లేదంటే ఇక టీతో అయ్యేది కాదు. పక్కకు ఆపి పడుకోవాల్సిందే. గేటు ముందు ఖాళీగా గడిపే పండగ రాత్రి సీసా వైపు చేయి పోతుంది. అర్ధరాత్రి దాకా తాగి నాలుగింటికి బండి తీస్తే అది ఇంకా రక్తంలోనే ఉంటుంది.

ఇంటి సంగతికొస్తే, బతుకమ్మలో మగవాడి వంతు పూలు తేవడం. తంగేడు ఒక్క పూటకే వాడిపోతుంది, దాన్ని మీ తమ్ముడికో బావమరిదికో అప్పజెప్పండి. గునుగు వాడదు. మీరు వెళ్లేముందు రోజు చేలగట్ల మీద కోసుకొచ్చి, కాడలు సమంగా కత్తిరించి, పిడికెడు పిడికెడు కట్టలు కట్టండి. కొన్ని తెల్లగానే ఉంచి, మిగతావాటి కుచ్చులు గులాబీ, ఆకుపచ్చ రంగునీళ్లలో ముంచి, నీడన తలకిందులుగా వేలాడదీయండి. తడిగా ఒకదాని మీద ఒకటి పెడితే బూజు పడుతుంది. సద్దుల నాడు ఆమె పేర్చే వరుసల్లో మీ పూలూ ఉంటాయి. ఖర్చుల డబ్బు మాత్రం పెత్రమాసలోగా, అంటే బతుకమ్మ మొదలయ్యే అమావాస్యలోగా, చేతికివ్వండి. దారిలోంచి కొంచెం కొంచెం ఫోన్‌లో పంపితే ఆమె ప్రతిసారీ అడగాల్సి వస్తుంది.

ఫోన్ సాయంత్రం ఏడింటికి చేయొద్దు, అప్పుడామె చెరువుగట్టున ఆడుతుంటుంది. నాలుగింటికి, పేర్చేటప్పుడు, బండి ఆపి వీడియో కాల్ చేయండి. పది నిమిషాలు చాలు. ఎక్కువసేపు మాట్లాడితే పాత గొడవలోకే పోతుంది. బండి నడుస్తున్నప్పుడు ఫోన్ వస్తే క్లీనర్ ఎత్తి "ఆపినంక చేస్తడు" అని చెబితే సరి. బిడ్డకు గోడ క్యాలెండర్‌లో పున్నమికి గుండ్రం చుట్టి, రోజుకో గడి కొట్టేయమనండి. జమ్మి బంగారం మీ కోసం రెండాకులు దాచే పని కూడా ఆమెకే ఇవ్వండి.

భార్య ఇప్పుడే పలకాలని పట్టుపట్టకండి. ఆరో రోజు బతుకమ్మే అలుగుతుంది, ఆ పూట ఎవరూ పేర్చరు, ఏడో రోజు మళ్లీ ఆడతారు. ఆమె అలకకూ కాస్త గడువివ్వండి. "నిరుడు మాటిచ్చి తప్పిన. ఈసారి పున్నమికి వస్త, అంతకుముందు రానని అనుకో" అని ఒక్కసారి చెప్పి ఊరుకోండి. లోకల్ ట్రిప్పులకు మారాలా అన్న చర్చ పండగ ముందు పెట్టకండి.

తిరిగొచ్చిన రోజు మరో గొడవ కాచుకుని ఉంటుంది. మీరు అలసటతో పడుకుంటారు, వాళ్లు మీతో మాట్లాడదామని ఉంటారు. "వచ్చినంక ఎనిమిది గంటలు పడుకుంటా, ఆ తర్వాత తల్లిగారింటికి పోదాం" అని ముందే అనుకోండి. ఆ తర్వాతి రెండు రోజులు లోడ్ వేయొద్దని బయల్దేరకముందే ఓనర్ దగ్గర ఖాయం చేసుకోండి. వచ్చాక అడిగితే ఇవ్వరు.