రీసెంట్స్‌లోంచి యాప్‌లు తీసేస్తే ఛార్జింగ్ మిగులుతుందా?

వాడిన ప్రతి యాప్‌నీ వెంటనే రీసెంట్స్‌లోంచి, అంటే ఈమధ్య తెరిచిన యాప్‌ల లిస్టులోంచి, పైకి తోసేస్తే బ్యాటరీ ఎక్కువసేపు వస్తుందా అని అడిగారు. రాదండీ, చాలాసార్లు ఎదురు ఖర్చే. ఆ లిస్టులో కనిపించేవన్నీ నడుస్తున్నట్టు కాదు. మీరు బయటికి రాగానే ఫోన్ ఆ యాప్‌ని ర్యామ్‌లో (ఫోన్ తాత్కాలిక మెమరీలో) అలాగే ఉంచి, కాసేపటికి దానికి ప్రాసెసర్ ఇవ్వడం మానేస్తుంది, చోటు చాలకపోతే పాతవాటిని తనే తీసేస్తుంది. మీరు తోసేస్తే మళ్లీ తెరిచినప్పుడు మొదటినుంచీ లోడవ్వాలి, ఛార్జింగ్ అక్కడే పోతుంది.

విజయనగరంలో రైలెక్కి శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ దాకా పాటలు వింటూ, మ్యాప్‌లో దారి కూడా పెట్టుకున్నారనుకోండి, ఆ రెండూ మాత్రం స్క్రీన్ ఆపినా నిజంగానే పనిచేస్తుంటాయి, ఎందుకంటే వాటికి ఫోన్ ప్రత్యేకంగా అనుమతిస్తుంది. దారిలో సిగ్నల్ సరిగా లేనిచోట టవర్ కోసం వెతుక్కోవడానికీ బ్యాటరీ ఖర్చవుతుంది, పాపం ఆ నింద కూడా యాప్‌ల మీదే పడుతుంది.

బల్ల మీద కదలకుండా ఉన్న ఫోన్ సంగతి 2015లో ఆండ్రాయిడ్ 6తో వచ్చిన డోజ్ అనే సదుపాయం చూసుకుంటుంది, యాప్‌ల పనులన్నీ పోగేసి అప్పుడప్పుడూ ఒకేసారి చేయనిస్తుంది.

సెట్టింగ్స్‌లో బ్యాటరీ తెరిచి ఎక్కువ తింటున్న యాప్ ఏదో చూసి, దాన్నొక్కదాన్నే కట్టడి చెయ్యండి. హ్యాంగైనదాన్నయితే నిక్షేపంగా తోసెయ్యొచ్చు.