సంతలో వంకాయ జీఎం వంకాయేనా? మీ ప్రశ్నలు – మా జవాబులు

పోయిన సంచికలో నాటు కూరగాయల గురించి రాసినప్పటి నుంచి ఉత్తరాలు ఆగడం లేదు. అందరి భయమూ ఒకటే, మనకు తెలియకుండా మన కంచంలోకి జన్యుమార్పిడి (జీఎం) తిండి వచ్చేసిందా అని. అందుకే ఈసారి పేజీ మొత్తం దీనికే.

మేడమ్ గారూ, మా చిన్నప్పుడు టమాటా చేత్తో పిసికితే రసం కారేది. ఇప్పుడు వారం బయట పెట్టినా మెత్తబడదు. వంకాయల్లో పురుగే కనబడటం లేదు. ఇవన్నీ జీఎం కూరగాయలేనని మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకటే చర్చ. నాకు టెన్షన్‌గా ఉంది. నిజమేనా? – ఒక గృహిణి, విజయవాడ

కాదండీ, టెన్షన్ పడకండి. మన దేశంలో ప్రభుత్వ అనుమతితో రైతులు పండిస్తున్న జన్యుమార్పిడి పంట ఒక్క పత్తే. 2002లో బీటీ పత్తికి, అంటే పురుగును చంపే ఒక నేల బాక్టీరియా జన్యువు పెట్టిన పత్తికి, అనుమతి వచ్చింది. ఆవాలలో డీఎంహెచ్-11 అనే జీఎం రకానికి 2022లో ఇలాంటి పంటలను పరిశీలించే కేంద్ర కమిటీ సరే అంది కానీ అది కోర్టుకెక్కింది, 2024 జులైలో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తులు చెరో తీర్పూ ఇచ్చారు. మీరు కొనే టమాటా, బెండ, క్యాలీఫ్లవర్, స్వీట్ కార్న్, ఎర్ర బొప్పాయి ఇవన్నీ మామూలుగా హైబ్రిడ్‌లు. హైబ్రిడ్ అంటే ఒకే పంటలో రెండు రకాలను పుప్పొడితో కలిపి తీసిన విత్తనం. జీఎం అంటే ల్యాబ్‌లో జన్యువును, ఎక్కువగా వేరే జీవి నుంచి తీసినదాన్ని, మొక్కలోకి చొప్పించడం. రెండూ కంపెనీ ప్యాకెట్లలోనే వస్తాయి కాబట్టి జనం కలిపేస్తున్నారు.

మరి టమాటా ఎందుకలా అయింది? మదనపల్లెలో లారీ ఎక్కిన కాయ చెన్నై వెళ్లాలి, ఒక్కోసారి ఢిల్లీ దాకా పోవాలి, క్రేటు మీద క్రేటు పేర్చినా నలగకూడదు, దిగాక ఇంకో నాలుగు రోజులు బండి మీద నిలవాలి. అందుకని తోలు మందంగా, గుజ్జు గట్టిగా, రసం తక్కువగా ఉండే రకాలను ఏరి ఏరి పెంచారు. పైగా రంగు తిరిగే దశలోనే కోసేస్తారు, ఇంటికి తెచ్చాక మనం ఫ్రిజ్‌లో పెట్టి మిగిలిన కాస్త వాసనా పోగొడతాం. రుచి తగ్గిందని మీ నాలుక చెప్పింది నిజమే, మీ గ్రూపు చెప్పిన కారణం మాత్రం తప్పు.

వంకాయ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. బీటీ వంకాయ అనేది నిజంగానే ఉంది. పత్తిలో లాగే ఆ నేల బాక్టీరియా జన్యువును వంగలో పెట్టి తయారుచేశారు, 2009 అక్టోబరులో కేంద్ర కమిటీ పచ్చజెండా కూడా ఊపింది. అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ హైదరాబాద్‌తో కలిపి ఏడు నగరాల్లో ప్రజల మాట విన్నారు, మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సహా చాలా రాష్ట్రాలు వద్దన్నాయి, 2010 ఫిబ్రవరి 9న ఆయన దాన్ని నిలిపేశారు. ఇప్పటికీ ఆగే ఉంది. పక్కనున్న బంగ్లాదేశ్ మాత్రం 2013లో అనుమతించింది, అక్కడ రైతులు పండిస్తున్నారు. 2019లో హర్యానాలో ఫతేహాబాద్ దగ్గర అనుమతి లేని బీటీ వంగ తోట ఒకటి బయటపడింది, కాబట్టి గుట్టుగా ఎక్కడా లేదని నేను ప్రమాణం చేయలేను. కానీ మీ సంతలో గంపకెత్తిన వంకాయలు అవి అనుకోవడానికి ఏ ఆధారమూ లేదు.

మరి పురుగు ఏమైంది? మందు వల్ల పోయింది. వంగ తోటలోకి వెళ్లి చూడండి, చిటారు కొమ్మలు అక్కడక్కడా వాలిపోయి ఉంటాయి. ఒకటి తుంచి చీలిస్తే లోపల చిన్న గులాబీ రంగు పురుగు కదులుతుంది. అదే కొమ్మ, కాయ తొలుచు పురుగు. గుడ్డులోంచి బయటికి రాగానే కొమ్మలోకో కాయలోకో దూరిపోతుంది, లోపలికి పోయాక పైన ఎంత కొట్టినా దానికి తగలదు. దూరకముందే పట్టుకోవాలని రైతు మళ్లీ మళ్లీ కొడతాడు, కోత రోజులు దగ్గరపడ్డా కొడతాడు, ఎందుకంటే పుచ్చు కాయ ఒక్కటి కనబడితే మీరూ నేనూ గంప వదిలేసి పక్క బండికి పోతాం. నిగనిగలాడుతూ ఒక్క మచ్చా లేని వంకాయను చూస్తే నాకు జన్యువు గుర్తుకు రాదమ్మా, స్ప్రేయర్ గుర్తుకొస్తుంది. మీ గ్రూపులో చర్చ దాని మీద జరిగితే చాలా మేలు.

అమ్మా, మేం ఎన్నో ఏళ్లుగా బీటీ పత్తే వేస్తున్నాం. పత్తి చెక్క గేదెలకు పెడతాం. పత్తి గింజల నూనె బయట నూనెల్లో కలుస్తుందంటారు. అంటే ఎప్పటినుంచో అందరం జీఎం తింటున్నట్టే కదా? – ఒక రైతు, ఆదిలాబాద్ జిల్లా

మీరు పట్టుకున్నది అసలు పాయింటు. అవును, ఒక రకంగా తింటున్నాం. దేశంలో పత్తి చేలు తొంభై శాతం పైగా బీటీవే, ఆ గింజల నూనె వనస్పతిలోకి, మిర్చి బజ్జీలు వేసే మూకుళ్లలోకి చేరుతోంది. అయితే ఆ జన్యువు తయారుచేసేది ఒక ప్రొటీన్‌ను. రిఫైన్ చేసిన నూనెలో ప్రొటీన్ దాదాపు మిగలదు. చెక్కలో కొంత ఉన్నా గేదె కడుపులో మిగతా ప్రొటీన్ల లాగే అరిగిపోతుంది. ఆ ప్రొటీన్ పురుగు పేగుల్లో పనిచేసినట్టు మన కడుపులో పనిచేయదు, దాన్ని పట్టుకునే ఏర్పాటు మన పేగుల్లో లేదు. సేంద్రియ రైతులు కూడా ఇదే బాక్టీరియాను పిచికారీ మందుగా వాడతారు. తిండి మటుకు చూస్తే ఇది నాకు పెద్ద భయంగా అనిపించదు.

నా బాధంతా చేను దగ్గర. బీటీ వచ్చిన కొత్తలో శనగపచ్చ పురుగు తగ్గింది, మందు ఖర్చు తగ్గింది, అది మీకూ తెలుసు. కానీ పత్తి కాయను తొలిచే గులాబీ రంగు పురుగు దానికి అలవాటుపడింది. రెండు జన్యువుల బీటీ 2006లో వచ్చింది, పదేళ్లు తిరక్కముందే గుజరాత్‌లో ఆ పురుగు దాన్నీ తట్టుకుంది, తర్వాత మన దగ్గరికీ వచ్చింది. ఇప్పుడు విత్తనానికీ డబ్బే, మందుకీ డబ్బే. మన దేశంలో బీటీ పత్తిని దాదాపుగా హైబ్రిడ్ రూపంలోనే అమ్మారు, ఏటా కొత్త ప్యాకెట్ కొనాల్సిందే, ఇంటి విత్తనం దాచుకునే అలవాటే పోయింది. బీజీ-3 అని గుట్టుగా అమ్మే గడ్డిమందు తట్టుకునే విత్తనం జోలికి మాత్రం వెళ్లకండి. దానికి అనుమతి లేదు, మొలక రాకపోయినా బిల్లు ఉండదు, అడగడానికి దారి ఉండదు.

మా అమ్మాయి అమెరికాలో న్యూజెర్సీలో ఉంటుంది. ఇప్పుడు నెల తప్పింది. అక్కడ కూరగాయలన్నీ జీఎం అని, ఇక్కడి నుంచే అన్నీ పంపమని మా వియ్యపురాలు అంటోంది. ఏం చేయమంటారు? – ఒక తల్లి, నెల్లూరు

శుభవార్త, ముందుగా అమ్మాయికి మా ఆశీస్సులు. కూరగాయలు మాత్రం పంపకండి, అవసరం లేదు. అక్కడ పొలాల్లో మొక్కజొన్న, సోయా, కనోలా, చక్కెర బీట్ చాలా వరకు జీఎంవే, నిజమే. కానీ అవి ఎక్కువగా నూనెలు, సిరప్‌లు, పంచదార, పశువుల దాణా రూపంలో పోతాయి. పచ్చి కూరగాయల వరుసలో జీఎం చాలా తక్కువ. హవాయి బొప్పాయి అందులో ఒకటి, వైరస్ తెగులుకు తోటలు నాశనమవుతుంటే 1998లో ఆ రకాన్ని తెచ్చారు. కొన్ని రకాల గుమ్మడి, స్వీట్ కార్న్, ఆపిల్ కూడా ఉన్నాయి. వంకాయ, బెండ, పాలకూర, క్యారెట్ గురించి బెంగ వద్దు. ఇండియన్ స్టోర్‌లో ఫ్రోజెన్ దొండకాయ, బెండకాయ మన దేశం నుంచే వెళితే అవీ జీఎం కావు.

2022 జనవరి నుంచి అక్కడ ప్యాకెట్ల మీద ‘బయో ఇంజినీర్డ్’ అని వేయడం తప్పనిసరి చేశారు, అయితే బాగా రిఫైన్ చేసిన వాటికి అప్పుడు మినహాయింపు ఇచ్చారు. పండు మీద స్టిక్కర్‌లో అంకె తొమ్మిదితో మొదలై ఐదంకెలు ఉంటే సేంద్రియం అని అర్థం, సేంద్రియమంటే అక్కడ జీఎం కూడా కాదు. కడుపుతో ఉన్న పిల్ల తాజా కూరలు బాగా తినాలి, భయపడి మానేస్తేనే నష్టం. వియ్యపురాలు గారికి ఈ పేజీ చూపించండి.

సార్/మేడమ్, మన సాంబ మసూరిని కూడా జీఎం చేశారట కదా. తాతల నాటి బియ్యాన్ని కూడా వదలరా? – ఒక విద్యార్థి, బాపట్ల

మీ ఊరి నుంచే ఈ ప్రశ్న రావడం బాగుంది బాబూ, ఎందుకంటే ఆ రకం పుట్టింది మీ ఊళ్లోనే. సాంబ మసూరి అసలు పేరు బీపీటీ 5204, బీపీటీ అంటే బాపట్ల, 1986లో విడుదలైంది. శాస్త్రవేత్తలు రకాలను సంకరం చేసి తీసిన వరి అది. తాతల నాటిది అనుకునేంతగా మనసుకు దగ్గరైందంటే అది వాళ్ల గొప్పతనం. పాతకాలపు విత్తనం, మేలురకం విత్తనం రెండూ ఒకదానికొకటి శత్రువులని నేను అనుకోను.

ఇక కొత్త సంగతి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థ సాంబ మసూరిలో ఉన్న జన్యువునే ఒకచోట కత్తిరించి మార్చి ‘కమల’ అనే రకం తీసింది, కేంద్రం 2025 మే 4న ప్రకటించింది. వేరే జీవి జన్యువు ఏదీ తుది మొక్కలో ఉండదు, కాబట్టి బీటీతో దీన్ని కలపకూడదు. దీన్ని జీనోమ్ ఎడిటింగ్ అంటారు. వెన్నుకు గింజలు ఎక్కువ, ఇరవై రోజుల ముందే కోతకొస్తుందని సంస్థ చెబుతోంది. ఇరవై రోజుల నీళ్లు మిగిలితే కాలువ చివరి రైతుకు అది చిన్న విషయం కాదు.

నాకు అభ్యంతరం ఉన్నది వేరే చోట. 2022లో కేంద్రం ఇలాంటి రకాలను జీఎం పంటలకు పెట్టే కఠినమైన పరీక్షల నుంచి మినహాయించింది. మినహాయించినా సరే, పరీక్షల వివరాలన్నీ రైతు ముందు పెట్టాలి, బియ్యం సంచి మీద ఫలానా రకం అని రాయాలి. తినాలా వద్దా అన్నది తినేవాడు తేల్చుకుంటాడు. చెప్పకుండా పెట్టే హక్కు ఎవరికీ లేదు, తిండి ఎంత మంచిదైనా సరే. ఈ విత్తనం మీద పేటెంట్ హక్కులు ఎవరివి, రైతు దాచుకుని మళ్లీ వేసుకోవచ్చా అన్నది కూడా విడుదలకు ముందే తేలాలి. మీరు చదువుకునే పిల్లలు, సభల్లో ఈ రెండు ప్రశ్నలూ అడగండి.

సేంద్రియ దుకాణంలో అన్నీ రెట్టింపు ధర. మా జీతానికి అన్నీ కొనలేం. ముందు వేటికి డబ్బు పెట్టాలి? – ఒక ఉద్యోగి, వరంగల్

అన్నీ అక్కడ కొననక్కర్లేదు. ‘నాటు’, ‘దేశవాళీ’ అని అట్ట మీద రాసినంత మాత్రాన మందు కొట్టలేదని కాదు, సేంద్రియమని తెలిపే జైవిక్ భారత్ గుర్తో, పీజీఎస్ ధ్రువపత్రమో ఉందా అడగండి, లేదా పండించిన రైతు ఎవరో చెప్పమనండి. ఉల్లి, గుమ్మడి, సొర, కంద మామూలు బజారులోనే కొనుక్కోండి, తొక్క తీసే తింటాం కదా. క్యాలీఫ్లవర్ చలికాలంలోనే తినండి, ఎండాకాలం పువ్వుకు మందు ఎక్కువ పడుతుంది. ఏ కూరైనా పారే నీళ్ల కింద చేత్తో రుద్ది కడిగితే పైనున్నది చాలావరకు పోతుంది, లోపలికి ఇంకే మందులు మాత్రం ఎంత కడిగినా పోవు. అందుకని మిగిల్చిన డబ్బు మొదట ఆకుకూరలు, పచ్చిమిర్చి, కొత్తిమీర, పిల్లలు తొక్కతో తినే పళ్ల మీద పెట్టండి. డాబా మీద నాలుగు కుండీలుంటే తోటకూర, గోంగూర మీరే వేసుకోవచ్చు, తోటకూర నెల తిరగకుండానే కోతకొస్తుంది.